47 సెకన్ల సంక్రాంతి

ఇక టోల్‌గేటే ఉండదట! బండి ఆపక్కర్లేదు, అద్దం దించక్కర్లేదు. పైనున్న కెమెరా నంబరు ప్లేటు చూసుకుంటుంది, ఫాస్టాగ్‌లోంచి డబ్బు దానంతటదే పోతుంది. సంతోషం. చార్మినార్ దగ్గర బయల్దేరి మదీనా, నయాపూల్, చాదర్‌ఘాట్, మలక్‌పేట దాటి ఎల్బీనగర్ చేరేసరికే సగం ప్రాణం పోయే మా పాతబస్తీవాళ్లకు, మిగతా సగం విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర పోకుండా కాపాడతారన్నమాట.

ఫాస్టాగ్ వచ్చాక టోల్ దగ్గర సగటు నిరీక్షణ 8 నిమిషాల నుంచి 47 సెకన్లకు దిగిందని కేంద్రం ఎప్పుడో చెప్పేసింది. సగటు! అర్ధరాత్రి ఖాళీ గేటులోంచి దూసుకుపోయిన లారీనీ, భోగి ముందురోజు చౌటుప్పల్‌లో క్లచ్ తొక్కి తొక్కి కాలు పట్టేసిన నన్నూ కలిపి భాగిస్తే ఎంతైనా వస్తుంది. లారీ సుఖంలో నాకూ వాటా ఇచ్చారు. నా కాలునొప్పి మాత్రం నాకే వదిలేశారు.

సరే, ఆ 47ను నమ్ముదాం. అంత నమ్మకంతోనే కాబోలు, 2021 మేలో జాతీయ రహదారుల సంస్థ తనంత తానే మాటిచ్చింది. రద్దీ వేళైనా ఒక్కో బండికి 10 సెకన్లు మించకూడదు. వరస 100 మీటర్లు దాటితే, మళ్లీ ఆ లోపలికి తగ్గేదాకా బండ్లను టోల్ లేకుండా వదలాలి. గుర్తుకోసం ప్రతి లైన్లో పసుపు గీత.

ఎంత ముచ్చటైన గీత! పండక్కి ఊరెళ్లేవాడు దాని మీద నిలబడ్డాడా? దానికి ఎంతో వెనక నిలబడ్డాడు. వరస గీత దాటిందని గేటెత్తడం కళ్లారా చూసినవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి.

2024 ఆగస్టులో ఆ మినహాయింపునే ఎత్తేశారు. టోల్ నియమాల్లో అలాంటి వీలే లేదట. మూడేళ్లు గీతలు గీయించాక తెలిసింది పాపం.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ 47 ప్రతి బండికీ నిజమైతే వరస 100 మీటర్లు దాటేదే కాదు, ఆ నిబంధన వల్ల ఒక్క రూపాయీ పోయేది కాదు. నష్టం లేనిదాన్ని ఎందుకు తీసేశారు? వరసలున్నాయని మీకూ తెలుసు కాబట్టి. ట్యాగ్ లేకుండా వచ్చి నగదిస్తే రెట్టింపు గుంజుతారు. ట్యాగ్ ఉన్నవాణ్ణి గంటసేపు నిలబెడితే మీకు పైసా జరిమానా లేదు. వేగం పెరిగింది వసూలుకు, ప్రయాణానికి కాదు.

కెమెరాలు పెట్టుకోండి, కాదనం. ముందు ఆ 100 మీటర్ల మాట మళ్లీ రాసివ్వండి. ఆలస్యమైతే టోల్ లేదని చట్టంలోకెక్కిన రోజున మీ సెకన్ల లెక్క నమ్ముతాం. అందాకా అది ప్రకటనే.