విస్తరి ముందు, వంట వెనుక

నవీన వెబ్ శిల్పులు పాఠకజనోద్ధరణార్థమై కల్పించిన విచిత్రములలో అగ్రతాంబూలమునకు అర్హమైనది షెల్ పద్ధతి. పుట యనగా చదువదగిన అక్షరములు గలది యని పూర్వులు భ్రమపడెడివారు. టిమ్ బెర్నర్స్-లీ 1990 దశకారంభమున సెర్న్‌లో వ్రాసిన పుటలు ఒక్క పంక్తి జావాస్క్రిప్టైనను లేక నేటికిని తటాలున తెరచుకొనుచు ఆ యజ్ఞానమును చాటుచునే యున్నవి. ఇప్పుడు మొట్టమొదట వచ్చునది ఖాళీ చట్రము: పైన నొక పట్టీ, నడుమ బూడిదవర్ణపు పలకలు, వానిపై ఇటునుండి అటు పారాడు నొక మెరుపు. విస్తరి వేసి, నీళ్లు చిలకరించి, కూర యొక యూరినుండియు పులుసు మరియొక యూరినుండియు బయలుదేరినవని బంతిలోనివారికి విన్నవించి, వడ్డన శీఘ్రముగా నారంభమైనదని పద్దు వ్రాసికొను పెండ్లివారినైన క్షమింపవచ్చును గాని, చట్రము కనబడిన క్షణమునే వేగమునకు కొలమానముగా చూపి జబ్బలు చరచుకొను ఇంజనీర్లను క్షమించుట కష్టము.

కావలసిన భాగమును కావలసినపుడే తెచ్చుకొనుట తప్పుగాదు. 2020 నాటి ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణమే డైనమిక్ ఇంపోర్టును అంగీకరించినది. నా కలహమెల్ల, ఆ యేడే వెబ్‌ప్యాక్ 5 ప్రసాదించిన మాడ్యూల్ ఫెడరేషన్‌ను చేతబట్టి, మైక్రో ఫ్రంటెండు మంత్రము జపించుచు, ప్రతి జట్టునకును సంపూర్ణ స్వరాజ్యము వచ్చినదని చాటువారితోనే. ఎవరి మాడ్యూలును వారే కట్టుకొని, ఎవరి సర్వరుపై వారే నిలిపి, ఇచ్చవచ్చినపుడు విడుదల చేయుదురట. షెల్ వాని నన్నిటిని పాఠకుని బ్రౌజరులో సమావేశపరచునట. ఈ స్వరాజ్యములో ఒక జట్టు ఒక రియాక్టును, వేరొక జట్టు వేరొక రియాక్టును తెచ్చెనా, రెండును ఒకే పుటలో ఇమడక హుక్కులు మొరాయించును. అంతట సింగిల్టన్ అను శాసనము వెలువడును. అందరును ఒకే వెర్షనుకు కట్టుబడవలెను. దానిని మార్చుటకు సభ కూడవలెను. స్వతంత్రులైనవారు సభకు సభకు నడుమ మాత్రమే స్వతంత్రులు.

సంస్థలోని సంభాషణల తీరే అది నిర్మించు వ్యవస్థకును రూపమగునని మెల్విన్ కాన్వే 1968లోనే వ్రాసెను. ఆయన పరిశీలనగా వ్రాసినదానిని మనవారు వాస్తుశాస్త్రముగా స్వీకరించిరి. కాబట్టి పైపట్టీ జట్టునకును కార్టు జట్టునకును మాటలు లేవన్న గృహచ్ఛిద్రము, ఒకే తెరపై రెండు తీరుల బటన్లుగా కొనుగోలుదారునకు ప్రత్యక్షమగును.

ఇక విడుదల వైభవము. పాఠకుడు పుట తెరచి కాఫీకి లేచిన వ్యవధిలో క్రొత్త విడుదల జరిగి, పాత ఫైళ్లు సర్వరునుండి తుడిచివేయబడిన వనుకొనుడు. అతడు మరలివచ్చి బటన్ నొక్కగా, పాత షెల్ పాత పేరుతో పిలిచిన మాడ్యూలు పలుకదు. చంక్‌లోడ్ ఎర్రర్ అని కన్సోలు లోలోపల గొణుగును. తెరపై మాత్రము "ఏదో పొరపాటు జరిగినది, రిఫ్రెష్ చేయుడు" అను వినయవాక్యము వెలయును. సమస్తమును దేశదేశముల సర్వర్లనుండి తెప్పించు ఆ మహానుభావులు, ఈ యొక్క వాక్యమును మాత్రము ఏ సర్వరును నమ్మి వదలక, ముందుగానే షెల్‌లో పదిలపరచి పంపియుందురు.