చిన్నమ్మ జబ్బు

చిన్నమ్మకు రొమ్ము క్యాన్సరని బాహూరంతా తెలిసిపోయింది. 9వ శతాబ్దంలోనే ఒక విద్యాస్థానానికి మూడు ఊళ్ళు రాసిచ్చినట్టు చెప్పే పల్లవ నృపతుంగుడి రాగిరేకులు దొరికిన ఊరు మాది. అయినా ఏ సంగతైనా ముందు దొరికేది మూలనాథస్వామి గుడి దగ్గర పూలమ్మే ఆవిడ నోట్లోనే. ఈ సంగతి మాత్రం చిన్నాయనే స్వయంగా చెప్పాడు. "రొమ్ములో గడ్డంట అన్నా, మీ మరదలికి" అని మా నాన్నతో అని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఇక చిన్నమ్మ ఇంటికి జనం. కొబ్బరిబోండాలు, కషాయాలు, తాయెత్తులు. కడలూరు నుంచి అత్త వచ్చింది, చిన్నాయనకు సొంత చెల్లెలు. గడపలోనే ఏడ్చి, ఆనక తేరుకుని, "మా రక్తంలో ఈ పాడు రోగం లేదు వదినా, నీ పుట్టింటి నుంచే వచ్చుంటుంది" అని ఓదార్చింది. చిన్నమ్మ ఆమెకు కాఫీ కలిపిచ్చింది.

చిన్నాయన దిగులే ఎక్కువ బాధ పెట్టింది మమ్మల్ని. పొలంలో పంపుసెట్టు కింద తప్ప స్నానం చేయని మనిషి, అది మానేశాడు. మే నెల ఎండలో కూడా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పైన కండువా కప్పుకుని అరుగు మీద కూర్చునేవాడు. భార్యంటే అంత ప్రాణమా అని ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు కూడా.

బయాప్సీ రిపోర్టు వచ్చాక నన్ను తోడు రమ్మన్నారు. బడిపంతులమ్మను కదా, ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. గోరిమేడులోని పెద్దాసుపత్రి జిప్మర్‌కు పొద్దున్నే బయల్దేరాం. ఫైలు మాత్రం చిన్నాయన చేయి దాటనివ్వలేదు.

డాక్టరమ్మది నిదానమైన తమిళం. గడ్డ ఎప్పటి నుంచి ఉందని అడిగితే చిన్నమ్మ, "పోయిన సంక్రాంతికి ముందు నుంచి. నొప్పి లేదు. మొన లోపలికి లాక్కుపోయాక భయమేసింది" అంది. డాక్టరమ్మ రిపోర్టు మా వైపు తిప్పి ఒక్కో గీత మీద పెన్ను పెట్టి చెప్పింది. ఈఆర్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్. అంటే హార్మోను మాత్రలు పనిచేసే రకం. చంకలో గ్రంథులకు పాకింది కాబట్టి ముందు కీమో, తర్వాత ఆపరేషన్, రేడియేషన్. ఆపైన టామాక్సిఫెన్, కనీసం ఐదేళ్ళు.

"రొమ్ము మొత్తం తీసేయాలా?" చిన్నమ్మే అడిగింది.

"ఈ కేసులో తీసేయడమే మంచిది."

"జుట్టు ఊడుతుందా?"

"ఊడుతుంది. మందులు ఆపాక మళ్ళీ వస్తుంది."

చిన్నాయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

అంతా అయ్యాక డాక్టరమ్మ పెన్ను మూసింది. "విన్నదంతా అర్థమైందని అందరూ తలూపుతారు. ఇంటికెళ్ళాక ఒక్క ముక్క గుర్తుండదు. నేను చెప్పింది ఇప్పుడు మీ మాటల్లో నాకు చెప్పండి" అంది.

చిన్నమ్మ గడగడా అప్పజెప్పింది. ఒక్క మాట పొల్లుపోలేదు. నా పిల్లలెవరూ అంత బాగా చెప్పరు.

"బాగుంది. కానీ మీరు కాదమ్మా, పేషెంటు చెప్పాలి" అంది డాక్టరమ్మ, చిన్నాయన వైపు తిరిగి.

నేను ఫైలు లాక్కుని చూశాను. పేరు, వయసు, పక్కన 'పురుషుడు'.

డాక్టరమ్మకు ఇది కొత్త కాదు కాబోలు. "రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్ళకే వస్తుందయ్యా. సిగ్గుపడి దాచుకుని, ముదిరాక వస్తారు, అదే చిక్కు. మీకు జన్యు పరీక్ష కూడా చేయిద్దాం. బీఆర్‌సీఏ2లో లోపం ఉంటే మీ తోబుట్టువులకూ, వాళ్ళ పిల్లలకూ ఉండొచ్చు. ఇంట్లో అందరికీ చెప్పండి" అంది. నా నోటుబుక్కులో ఆ ప్రశ్న చిన్నమ్మ పుట్టింటివాళ్ళ గురించి రాసుంది.

తిరుగు బస్సు కడలూరు రోడ్డు ఎక్కేదాకా ఎవరం మాట్లాడలేదు. చిన్నాయనే గొంతు సవరించుకున్నాడు. "ఊళ్ళో చెప్పబాకమ్మా. ఆడవాళ్ళ జబ్బు వచ్చిందంటే ఏం మొహం పెట్టుకుని తిరిగేది? మీ చిన్నమ్మకు వచ్చిందంటే ఎవరూ నవ్వరు కదా."

"అత్తకు చెప్పొద్దా? మా నాన్నకు? నాకు?"

"చూద్దాంలే."

చిన్నమ్మ కిటికీలోంచి వరిచేలు చూస్తూ అంది: "కీమోకి జుట్టు ఊడుతుందంది కదే. ఈయనది ఎలాగూ బట్టతల, ఎవరికీ అనుమానం రాదు. నా జడ చూస్తేనే ఊళ్ళోవాళ్ళకు తెలిసిపోతుంది. తిరుపతి పోయి గుండు కొట్టించుకోవాలి కాబోలు."

ఆ దెబ్బకు తల దించుకుంటాడనుకున్నాను. చిన్నాయన జేబులోంచి ఫోను తీసి కాసేపు వేళ్ళతో గెలికాడు.

"గురువారం తిరుపతి బస్సులో సీట్లున్నాయి" అన్నాడు.