త్రూ ప్రాపర్ ఛానల్

మా తాతయ్య దేవుణ్ణి నేరుగా ఏదీ అడిగేవాడు కాదు. హవల్దారు వెళ్ళి జనరల్ గారి తలుపు తడతాడా? ఏ అర్జీ అయినా త్రూ ప్రాపర్ ఛానల్ పోవాల్సిందే. కళ్ళజోడు కనబడకపోతే పునీత అంతోనివారికి. తాతయ్య లెక్కలో ఆయన క్వార్టర్ మాస్టర్. పోయిన సామానుకు ఆయనదే పూచీ. మా బాబాయి ఇంటర్ పరీక్షల్లాంటి గడ్డు కేసులు మాత్రం మరియతల్లికి. "కానా పెళ్ళిలో ద్రాక్షరసం అయిపోతే ఎవరు చెప్పారు? తల్లి. నా వేళ ఇంకా రాలేదన్నాడు కొడుకు. అయినా చేశాడా లేదా?" అనేవాడు. ఆ సాక్ష్యం మందు విషయంలోది కావడం ఆయనకు అదనపు తృప్తి.

మాది ఫిరంగిపురం పక్క పల్లె. బాలయేసు గుడి గంట విని లేచే ఊళ్ళలో ఒకటి. 1962 చైనా యుద్ధం అయ్యాక సైన్యాన్ని పెంచుతుంటే ఈయన వెళ్ళి మద్రాస్ శాపర్స్‌లో చేరాడు. శిక్షణ బెంగుళూరులో. అక్కడ నేర్పిందేదో, ఇక్కడ ఉపదేశి గారు నేర్పిందేదో చివరిదాకా ఆయనకే తెలియలేదు.

సాయంత్రం ఏడింటికి జపమాల. అంటే రోల్ కాల్. లుంగీ మీదైనా సరే చొక్కా గుండీలు పెట్టుకోవాలి. 2002లో పోపుగారు జపమాలకు వెలుగు దేవరహస్యాలు కలిపి గురువారానికి కేటాయిస్తే, మా తాతల నాటి జపానికి ఈ కొత్త చేర్పులేమిటని ఊళ్ళో పెద్దలు గొణిగారు. "ఆర్డర్ వచ్చాక చర్చేంటి?" అన్నాడు తాతయ్య. ఆ గురువారం నుంచే మా ఇంట్లో అమలు.

మేం పిల్లలం మాత్రం పది మంగళవార్తల్ని ఎనిమిదికి కుదించాలని చూసేవాళ్ళం. సాగనిచ్చేవాడు కాదు. కళ్ళు మూసుకునే "ఒరేయ్, వెనక్కి రా, రెండు పూసలు ఎగరగొట్టావు" అనేవాడు. మాకు ఒళ్ళు మండేది.

ఆయన పట్టుదలకు కారణం ఒక క్రిస్మస్ రాత్రి, రెండో పెగ్గు మీద బయటపడింది. 1971 డిసెంబరులో ఆయన షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర ఉన్నాడు. మన ట్యాంకులు వెళ్ళాలంటే ముందు పాకిస్తాన్ వాళ్ళు పాతిన మందుపాతరలు తీసి దారి చెయ్యాలి. చీకట్లో బోర్లా పడుకుని, ఇనుప చువ్వతో నేలను ఏటవాలుగా, మెల్లగా గుచ్చుకుంటూ పాకడం. నిలువుగా గుచ్చితే పాతర నెత్తిన పొడిచినట్టే. "చేతులు ఖాళీ లేవు, జపమాల ఎలా తిప్పను? గుచ్చిన పోటల్లా ఒక పూస అనుకున్నా" అన్నాడు.

మేం నోళ్ళు తెరుచుకుని వింటున్నాం. ఆయన దృష్టి అప్పటికే వేరే ఫిర్యాదు మీదకు పోయింది. శాపర్లు దారి సగమే చేశారట. అవతల మనవాళ్ళ మీదకు శత్రువు ట్యాంకులు వస్తున్నాయని తెలిసి, పూనా హార్స్ ట్యాంకులు మిగతా సగం తీయకుండానే పాతరల మధ్యనుంచి వెళ్ళిపోయాయి. అరుణ్ ఖేత్రపాల్ పరమవీరచక్ర పొందింది మర్నాటి పోరులోనే. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు ప్రాణం ఇచ్చేశాడు. ఆ పేరు ఎవరెత్తినా తాతయ్య లేచి నిలబడేవాడు. కూర్చున్నాక మాత్రం, "అయినా పని పూర్తయిందని మేం చెప్పకుండా ఎలా వస్తారండీ?" అని మొదలుపెట్టేవాడు. చరిత్ర దాన్ని తెగువ అంది. మా తాతయ్య పద్దులో అది ప్రొసీజర్ తప్పు.

తపస్సు కాలంలో రమ్ము ముట్టడు. క్యాంటీన్ కోటా మాత్రం క్రమం తప్పకుండా తెచ్చి బీరువాలో పెట్టేవాడు. అయితే విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా లెక్కేస్తే వచ్చేవి 46 రోజులు. ఆదివారాలు ఆరూ తీసేస్తేనే నలభై. అంటే ఆదివారం ఉపవాసం లెక్కలోకి రాదు. తిరుసభ శాసనాల్లో తాతయ్య ఇంత లోతుగా చదివిన ఘట్టం ఇంకోటి లేదు. "సండే ఫర్లో" అంటూ గ్లాసు కడుక్కునేవాడు. ఈస్టరు నాటికి మా మామయ్యలందరికీ అక్కచెల్లెళ్ళ మీద ప్రేమ పొంగేది.

ఇక నవంబరు. రెండో తారీకు ఆత్మల పండుగ. సమాధులకు సున్నం కొట్టించి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళందరి పేర్లూ చదివించేవాడు. అదే నెలలో పెన్షనుకు తను బతికే ఉన్నట్టు బ్యాంకులో రుజువు చూపాలి. వేలిముద్రల మిషనేమో ఆయన అరిగిపోయిన బొటనవేల్ని ఒప్పుకునేది కాదు. ఎదురుగా నిలబడి, బ్యాంకు అదిరేలా నంబరూ ర్యాంకూ పేరూ చెప్పినా మిషనుకు నమ్మకం కుదరదు. "ఉత్తరించు స్థలం ఇదే కాబోలు" అంటూ మళ్ళీ వరసలో నిలబడేవాడు.

ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షను కాగితాలకు నాయనమ్మను తీసుకెళ్ళాం. ఫారంలో ఒకచోట సంతకం పెట్టాలి. ఏం రాశారో చదవమంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదనీ, చేసుకుంటే తెలియజేస్తాననీ హామీ. నాయనమ్మకు ఎనభై దాటాయి. కౌంటర్‌లో కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, "ఒక్క మిలిటరీవాడితో వేగింది చాల్లేదా నాయనా?" అంది.