ఋష్యశృంగుడికి అటెండెన్సు లేదు

అంగదేశంలో వానలు ఎగ్గొట్టినప్పుడు రోమపాదుడికి పెద్దలు చెప్పిన ఉపాయం ఒక్కటే: ఋష్యశృంగుణ్ణి తీసుకురండి. ఆ ముని అడవి దాటి ఎరగడు, తండ్రిని తప్ప మరో మనిషిని చూసి ఎరగడు, ఏ విశ్వవిద్యాలయం గడపా తొక్కలేదు. అయినా ఆ నేల మీద కాలు పెట్టాడో లేదో వాన దంచి కొట్టింది. ఆయన పేరు మీదే మా అనంతపురం జిల్లా శింగనమలకు ఆ పేరొచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు. వాన తెచ్చే మునికి ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే జిల్లాలో పోస్టింగు! కరువులో జైసల్మేర్ తర్వాత మనమేనన్నది పోటీ పరీక్షల్లో ఎప్పుడూ ఉండే బిట్టు. వాన రాకపోయినా మార్కులొస్తాయి.

మా మేనల్లుడు సహజ వనరుల పరిరక్షణలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఎక్కడో చెప్పను, చెబితే వాడి వైవా నా మెడకు చుట్టుకుంటుంది.

"ఏ వనరురా?" అన్నాను.

"అన్నీ మామా. మొదటి సెమిస్టర్ నీళ్లు, రెండోది మట్టి, మూడోది అడవి."

"మరి వాన?"

"అది ఎలెక్టివ్ మామా. ఎవరూ తీసుకోలేదు."

నీళ్ల సెమిస్టర్లో హాస్టల్‌కు ట్యాంకరు రాక మూడు రోజులు సెలవిచ్చారట. ప్రాక్టికల్స్ అనుకుని ఓర్చుకున్నాడు. అసలు 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పాకే పర్యావరణం అందరికీ పేపరైంది. చెట్టు కాగితం కావడం మనకు కొత్తా ఏమిటి?

ప్రాజెక్టు కోసం వాణ్ణి శ్రీరంగరాయల చెరువు కట్ట మీదికి తీసుకుపోయాను. విజయనగరం నాటి చెరువు. లోపల నీటి కంటే ముందు కంపచెట్లే కనబడ్డాయి. తూము దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వాళ్ల తాతల కాలం నుంచి నీరుగంటి పని వాళ్లదేనట. మావాడు ఫోన్ తీసి ప్రశ్నావళి తెరిచాడు.

"తాతా, నీటి వనరుల పట్ల మీ సంతృప్తి ఒకటి నుంచి ఐదు లోపల ఎంత?"

"ఐదంటే ఏంది నాయనా?"

"పూర్తి సంతృప్తి."

"మరువ పారితే ఐదు రాసుకో. పారకపోతే నన్నెందుకప్పా అడిగేది, మీ సారునడుగు."

ఆ జవాబుకు ఫోన్లో గడి లేదు. పెద్దాయన లేచి తూము రాళ్లు చూపించాడు. కింది రాయి మునిగితే చెనిక్కాయ తప్ప ఇంకేమీ పెట్టొద్దని ఊరికి చెబుతారట, రెండో రాయి మునిగితే వరినారు పోస్తారట. ఆ రెండో రాయి అంచు తడికి నున్నగా అరిగి ఉంది. మావాడు ఫొటో తీసి, ఫోన్ అడిగిందని అక్షాంశ రేఖాంశాలు కూడా ఎక్కించాడు. రాయి ఎందుకు అరిగిందో అది అడగలేదు.

మన పక్క కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది. మొదటిది ధర్మం తెలిసిన రాజు, రెండోది నీటి శాస్త్రం చదివిన పండితుడు, చిట్టచివరిది పని తెలిసిన మనుషుల జట్టు. ఇప్పటి సిలబస్‌లో ఆ పండితుడు ఎనిమిది యూనిట్లయి కూర్చున్నాడు, ఆ జట్టు ఒక రోజు ఫీల్డ్ విజిట్‌కు కుదించుకుపోయింది. బస్సు సాయంత్రం ఐదుకల్లా తిరిగి రావాలి. అదే శాసనం ఆరు దోషాలూ చెప్పింది, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు కట్టడం అందులో ఒకటి. మన హెచ్చెల్సీ కాలువ నీళ్లు సరిహద్దు అవతల, హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి రావాలి. 2024 ఆగస్టులో అక్కడ పంతొమ్మిదో గేటు కొట్టుకుపోతే ఇక్కడి రైతు గుండె జారింది. ఆ శాసనం రాసినాయన ఇవ్వాళ పీహెచ్‌డీకి దరఖాస్తు పెడితే నెట్ పాసయ్యావా అని అడుగుతారు.

పక్కనే బుక్కరాయసముద్రం. ఆ చెరువుకు గండి పడబోతే ఊరి కోడలు ముసలమ్మ తన ప్రాణమిచ్చి కట్ట నిలిపిందన్న కథను మద్రాసులో చదువుకునే రోజుల్లో, 1899లో, కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి వైస్‌చాన్సలర్. తెగబోయే చెరువు గురించి రాసిన మనిషి విశ్వవిద్యాలయం నడిపిన రోజులవి. మావాడికి ఆ కథ చెబితే కళ్లు మెరిశాయి. "దీన్ని మేం సముదాయ భాగస్వామ్యం అంటాం మామా" అన్నాడు. కట్ట నిలవడానికి కోడలే ఎందుకు కావాలి, కరణమో రెడ్డో ఎందుకు పనికిరారో ఏ యూనిట్లో ఉందిరా అంటే మాత్రం సిలబస్ మళ్లీ తిరగేశాడు.

నెల తర్వాత థీసిస్ వెనక్కి వచ్చింది. తూము రాళ్ల లెక్క బాగుందట, కానీ దానికి ఆధారం ఏదని గైడ్ ఎర్ర సిరాతో అడిగాడు. రచయిత, సంవత్సరం, పేజీ నంబరు కావాలి. మళ్లీ కట్ట మీదికి పోయాం. రచయిత అంటే పెద్దాయన నవ్వి వాళ్ల తాత పేరు చెప్పాడు. సంవత్సరం అంటే ఆ తాత పోయిన కరువు చెప్పాడు.

"పేజీ నంబరు తాతా?"

ఆయన వంగి, అరిగిన రాతి మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాడు.

"రెండో రాయి అని ఎయ్యి నాయనా."