శుభలేఖా, స్క్రీన్ షేరూ

పెళ్ళి కుదిరిన ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన కాగితం శుభలేఖ ప్రూఫు. తాంబూలాలప్పుడు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఫొటోలు దిగినవాళ్ళే, ప్రూఫు రాగానే కళ్ళజోళ్ళు తుడుచుకుని యుద్ధానికి కూర్చుంటారు. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఎవరి పక్కన ‘రిటైర్డ్ తహసీల్దార్’ అని పడాలి, ‘ఆహ్వానించువారు’ దగ్గర ఎవరు, ‘బంధుమిత్రుల అభినందనలతో’ దగ్గర ఎవరు... ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారు కూడా ఈ లెక్కల్లో వేలు పెట్టరు.

పూర్వం దీనికో ఉపాయం ఉండేది. ప్రూఫు ఒక్కటే కాపీ. ఆడపిల్ల తండ్రి దాన్ని జేబులో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎవరికి నచ్చినట్టు వాళ్ళ ఎదురుగా దిద్ది, ఆఖరికి ప్రెస్సులో తనకు తోచినట్టు అచ్చు వేయించుకునేవాడు. కార్డు చేతికొచ్చేసరికి అలగడానికి వ్యవధి మిగిలేది కాదు.

మా మేనకోడలి పెళ్ళికి ఆ వీలు లేకపోయింది. బావ తెనాలిలో, బావ అన్నగారు గుంటూరులో, తమ్ముడు డాలస్‌లో, మేనల్లుడు కొండాపూర్‌లో, ప్రెస్సు విజయవాడలో. అందరూ ఒకే ప్రూఫు ఒకేసారి చూడాలి.

ముందు ప్రెస్సువాళ్ళు ఫైలు పంపారు. మా ప్రెస్సులో ఇప్పటికీ పేజ్‌మేకరే. దాని చివరి వెర్షన్ 2001లో వచ్చింది. అందులో అను ఫాంట్లు. ఆ పద్ధతిలో ప్రతి తెలుగక్షరమూ ఒక ఇంగ్లీషు అక్షరం ఇంట్లో అద్దెకుంటుంది. అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే అద్దెకున్నవాళ్ళు మాయమై, ఇంటి ఓనరు గుమ్మంలోకొచ్చి నిలబడతాడు. ‘శ్రీరస్తు’ ఉండాల్సిన చోట ఒక డాలరు గుర్తూ, రెండు కామాలూ చూసి డాలస్ నుంచి ఫోను: “బావగారూ, ఇది శుభలేఖా, వైఫై పాస్‌వర్డా?” తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే సొంత ఇళ్ళు వచ్చాయి గానీ మా ఆపరేటర్ ఇంకా గృహప్రవేశం చెయ్యలేదు. పోనీ పీడీఎఫ్ చేసి ఇవ్వవయ్యా అంటే, “ఫైనల్ అయ్యాక ఇస్తాం సార్” అన్నాడు. ఫైనల్ అయ్యాక మాకెందుకు?

కంప్యూటర్ తెరని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. వాట్సాప్ దాన్ని నలిపి పంపింది. ఒత్తులన్నీ చీమలైపోయాయి.

మేనల్లుడు అప్పుడు మొత్తం మ్యాటరు గూగుల్ డాక్స్‌లో కొట్టి అందరికీ దిద్దే హక్కు ఇచ్చాడు. ఒకే కాగితం మీద పదిమందీ రాసుకునే ఈ సదుపాయాన్ని గూగుల్ 2006 నుంచీ ఇస్తోంది. చేసినవాళ్ళు ఉమ్మడి కుటుంబాన్ని చూసినవాళ్ళు కాదని మాత్రం రూఢిగా చెప్పగలను. రాత్రి పదకొండుకి పెద్ద బావగారి పేరు మొదటి వరసలోకి ఎక్కింది. తెల్లారేసరికి కిందికి దిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ ఎక్కింది. ఎవరు ఎప్పుడు మార్చారో వెర్షన్ హిస్టరీ నిమిషాలతో సహా రాసిపెట్టింది. దాన్ని మా అక్క చదవడంతో ఆ ప్రయోగం ముగిసింది.

అప్పుడొచ్చింది స్క్రీన్ షేరింగ్. అందరికీ కళ్ళిచ్చి చేతులు మాత్రం ఒక్కడికే ఇచ్చే ఏర్పాటు ఇది. పైగా అవతలికి వెళ్ళేది ఫైలు కాదు, తెర బొమ్మ. అందుకని ఫాంట్ల బెడద లేదు. కొండాపూర్‌లో అక్షరం సరిగ్గా ఉంటే డాలస్‌లోనూ సరిగ్గానే ఉంటుంది.

ఈ విద్య కొత్తదేం కాదు. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే కంప్యూటర్ పరిశోధకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సభ ముందు కూర్చుని, దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో మెన్లో పార్కులో ఉన్న సహచరుడితో ఒకే తెర పంచుకుని చూపించాడు. మౌస్‌ని లోకం చూసిందీ ఆ సభలోనే. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఆ రోజు ఆయన తెర మీద పెట్టి చూపించినవాటిలో ఇంటికి కావలసిన సరుకుల చిట్టా కూడా ఉండటం. అంటే ఈ విద్య పుట్టిన రోజునే ఇంటి గొడవల్లోకి దిగిందన్నమాట.

ఆదివారం పొద్దున్న, అంటే డాలస్‌లో శనివారం రాత్రి, మీటింగు. మేనల్లుడు పేజ్‌మేకరూ ఫాంట్లూ తన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని సిద్ధంగా ఉన్నాడు. ఏం చూపించమంటావని కంప్యూటర్ అడిగింది: ఒక్క ట్యాబా, ఒక్క విండోనా, మొత్తం స్క్రీనా? చుట్టాల పేర్ల జాబితా వాట్సాప్‌లో, కార్డు పేజ్‌మేకర్‌లో. రెంటి మధ్యా తిరగాలి గనక మొత్తం స్క్రీన్ నొక్కాడు. 

“నా స్క్రీన్ కనిపిస్తోందా?” అన్నాడు. ఎవరూ పలకలేదు. పలకరు కూడా. చూపించేవాడికి తప్ప అందరికీ తెలిసిన సంగతి అదొక్కటే. మూడోసారి అడిగాక మా అక్క, “నీ మొహం కనిపించట్లేదురా, టిఫిన్ చేశావా?” అంది.

డాలస్ బావ రిమోట్ కంట్రోల్ అడిగి పుచ్చుకున్నాడు. దూరాన ఉన్నవాడు మన ప్రోగ్రాంలో చెయ్యి పెట్టే ఈ వసతి 1996 నాటి నెట్‌మీటింగ్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఒకే బాణం గుర్తుని కొండాపూర్ కుడికీ డాలస్ ఎడమకీ లాగడంతో వినాయకుడి బొమ్మ జరిగి జరిగి పెళ్ళికొడుకు డిగ్రీ మీద కూర్చుంది. కంట్రోల్ వెనక్కి తీసేసుకున్నారు. చెయ్యి ఖాళీ అయిన మనిషి ఊరుకోలేక, మేనల్లుడికి విడిగా వాట్సాప్ కొట్టాడు. తెర మూలన, అందరి కళ్ళ ముందూ, మెసేజ్ మెరిసింది:

“పెద్దన్నయ్య పేరు పైన పడెయ్యరా. లేకపోతే మండపంలో పప్పు వడ్డించేదాకా మొహం మాడ్చుకుని కూర్చుంటాడు.”

డాలస్‌లో నెట్ పోయింది. బావ మ్యూట్ చేసుకున్నాడు. మేనల్లుడి బాణం గుర్తు ఉన్నచోటే గడ్డకట్టింది.

గుంటూరు నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు. “కనిపిస్తోందా అని ఇందాకటి నుంచీ అడుగుతున్నావు కదరా అబ్బాయ్. ఇప్పుడు చక్కగా కనిపిస్తోంది.”

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను ఊహించలేదు. పెద్ద బావగారు, “నా పేరు పైన వద్దు. ఆ డాలస్‌వాడి పేరు వెయ్యండి పైన. వాడే వచ్చి వడ్డిస్తాడు పప్పు” అన్నారు. అది విని డాలస్‌లో నెట్ తిరిగొచ్చింది. “అన్నయ్యా, నేనలా...” “నోరు ముయ్యి.” పది నిమిషాల్లో కార్డు ఖాయమైంది. అన్నగారి పేరు పైనే, తమ్ముడే ఎక్కించాడు.

చూపించేముందు నోటిఫికేషన్లు ఆపుకోవాలనీ, కావలసిన విండో ఒక్కటే పంచుకోవాలనీ ఆఫీసుల్లో శిక్షణ ఇస్తారు. ఆఫీసుకి అది న్యాయమే. అక్కడి తగాదా డాక్యుమెంట్‌లో ఉంటుంది. ఇంటి తగాదా ఎప్పుడూ పక్క విండోలో ఉంటుంది. దాన్ని కప్పిపెట్టి కార్డు ఎన్నిసార్లు దిద్దినా తెమలదు.

రిసెప్షన్ కార్డుకి మళ్ళీ మీటింగు పెట్టాం. ఈసారి మేనల్లుడు జాగ్రత్తపడి పేజ్‌మేకర్ విండో ఒక్కటే షేర్ చేశాడు. పెద్ద బావగారు ఒప్పుకోలేదు.

“ఇది కాదురా, మొత్తం స్క్రీన్ పెట్టు. నా గురించి ఇంకా ఏమనుకుంటున్నారో చూద్దాం.”