పన్నెండవ ఆటగాడు

అమెరికన్ ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం ఒక జట్టు తరఫున ఒకేసారి మైదానంలో ఉండదగినవారు పదకొండుమంది మాత్రమే. అయితే టెక్సస్ రాష్ట్రంలోని కాలేజ్ స్టేషన్ పట్టణంలో, తమ జట్టుకు పన్నెండవ ఆటగాడు కూడా ఉన్నాడనీ, అతడు మరెవరో కాక తామేననీ ప్రగాఢంగా విశ్వసించేవారు ఆట ఉన్న ప్రతి శనివారమూ లక్ష మంది దాకా పోగవుతారు. ఆ లక్షమందిలోనూ అధ్యయనానికి అన్నివిధాలా అర్హుడైనవాడు, టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ముప్పై నలభై ఏళ్ళ క్రితం చదువు ముగించి, చదివినదంతా మరచి, అక్కడ నేర్చిన అరుపులను మాత్రం మరవని పూర్వ విద్యార్థి. ఇతడు హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో బీమా వ్యాపారమో చమురు సంస్థలో ఉద్యోగమో చేసుకుంటూ, వారంలో ఐదు రోజులు తక్కిన మానవులవలెనే పన్నులు కట్టి, పళ్ళు తోముకుని, ఎదుటివారి మాట వింటూ జీవిస్తాడు. ఆరవ రోజున ఇతడిని ఎవరైనా ప్రేక్షకుడని పిలిస్తే, ఆ మాటను నిందగానే స్వీకరిస్తాడు.

ఈ విశ్వాసానికి చారిత్రకాధారం ఒకటి ఉంది. అది తెలియనిదే ఇతడి స్వభావం బోధపడదు. 1922 జనవరి 2న డాలస్ నగరంలో, కెంటకీ రాష్ట్రానికి చెందిన సెంటర్ కాలేజీ జట్టుతో జరిగిన పోటీలో ఎ అండ్ ఎం ఆటగాళ్ళు ఒకరి వెంట ఒకరు గాయపడుతుండగా, మిగిలినవారు చాలరేమోనని భయపడిన శిక్షకుడు డానా బైబిల్, అప్పటికే ఫుట్‌బాల్ మాని బాస్కెట్‌బాల్‌కు మళ్ళి, ఆ రోజు విలేకరుల గదిలో ఉండి ఆటగాళ్ళను గుర్తుపట్టి చెప్పడంలో వారికి సాయపడుతున్న ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థిని కిందికి పిలిపించాడు. గిల్ గ్యాలరీ కింద దుస్తులు మార్చుకుని మైదానపు అంచున నిలబడ్డాడు. ఆట ముగిసేదాకా నిలబడే ఉన్నాడు. జట్టు 22-14 తేడాతో గెలిచింది. గిల్‌తో అవసరం పడలేదు. జరిగినది అంతే. లోకంలో ఇతర మైదానాల ముందు పరుగెత్తినవారికీ బంతి విసిరినవారికీ విగ్రహాలు వెలుస్తుండగా, ఇక్కడ నిలబడినవాడికి విగ్రహం వెలిసింది. అతడి స్మృత్యర్థం విద్యార్థులు ఆట ఆద్యంతం నిలబడే చూడాలన్న ఆచారం స్థిరపడింది. ‘పన్నెండవ మనిషి’ అన్న పేరును విశ్వవిద్యాలయం 1990లో వ్యాపారచిహ్నంగా నమోదు చేయించుకోవడమే కాక, ఆ పేరు వాడుకున్న సియాటిల్ వృత్తి ఫుట్‌బాల్ జట్టు మీద 2006లో దావా కూడా వేసింది. ఆ మధ్యాహ్నం గిల్‌ను నిజంగానే ఆడించి ఉంటే, అతడు బంతిని జారవిడిచి ఉంటే, ఈ సంప్రదాయం ఏమయ్యేదన్న ప్రశ్న తర్కదృష్ట్యా సమంజసమైనదే. కాని కాలేజ్ స్టేషన్‌లో ఆ ప్రశ్న అడిగిన పండితుడికి భోజనం దొరకదు. పెళ్ళింట ఎవరూ ఏ పనీ అప్పగించకపోయినా ఉత్తరీయం సవరించుకుంటూ పందిరి నుంచి వంటశాలకూ, వంటశాల నుంచి పందిరికీ తిరిగే పెద్దమనిషికి ఎంత అలసట కలుగుతుందో, పని లేకుండా సిద్ధంగా ఉన్న ఈ పన్నెండవ ఆటగాడికీ అంత అలసటే కలుగుతుంది. ఆ అలసటే తన సేవకు నిదర్శనమని ఇతడి వాదం.

ఆట శనివారమైనా ఇతడి విధులు శుక్రవారం అర్ధరాత్రికే మొదలవుతాయి. ఇతర విశ్వవిద్యాలయాలలో ఆటగాళ్ళు మాత్రమే సాధన చేస్తుండగా, ఇక్కడ ప్రేక్షకులు సైతం సాధన చేస్తారు. దానికి ‘మిడ్‌నైట్ యెల్’, అంటే అర్ధరాత్రి అరుపు, అని పేరు. విద్యార్థులు ఓట్లు వేసి ఎన్నుకునే ఐదుగురు యెల్ లీడర్లు, అనగా అరుపుల నాయకులు, తెల్లని దుస్తులలో నిలిచి చేతులతో సంజ్ఞలు చేయగా, ఆ సంజ్ఞలను ముందు వరుసవారు వెనుక వరుసకు, వారు ఆ వెనుకవారికి అందించుకుంటూ పోతారు. ఏ సంజ్ఞకు ఏ అరుపో అందరికీ కంఠస్థమే కనుక, వేలాది గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. అరిచేటప్పుడు నడుము వంచి, అరచేతులు మోకాళ్ళపై ఆనించి, తల ఎత్తడం పద్ధతి. ఆ భంగిమలో కంఠధ్వని బలంగా వెలువడుతుందని శాస్త్రం. పంతొమ్మిదేళ్ళ వయసులో ఈ శాస్త్రాన్ని అభ్యసించిన మన పూర్వ విద్యార్థి ఇప్పుడు కూడా అలాగే వంగగలడు. తిరిగి లేవడానికి మాత్రం పక్కవాడి భుజం అవసరమవుతుంది. చివరన దీపాలు ఆర్పినప్పుడు వెంట వచ్చిన జతగాళ్ళు ముద్దు పెట్టుకోవాలనీ, జత లేనివారు లైటరు వెలిగించి తమ ఒంటరితనాన్ని ప్రకటించుకోవాలనీ మరొక ఆచారం ఉంది. ఇతడు దీపాలు ఆరే క్షణం కోసం భార్యను రెండు గంటలు కారులో ప్రయాణం చేయించి తీసుకురావడాన్ని దాంపత్య జీవితపు చిన్న రహస్యాలలో ఒకటిగా చెప్పుకోవచ్చు.

మర్నాటి ఉదయపు కార్యక్రమం టెయిల్‌గేట్. పికప్ ట్రక్కుకు వెనుకవైపున కిందికి వాల్చగల తలుపును ఆ పేరుతో పిలుస్తారు. ఆ తలుపు వాల్చి దాని చుట్టూ వంటా విందూ సాగించడానికీ అదే పేరు వచ్చింది. ఇతడి విందులో ప్రధానం బ్రిస్కెట్, అనగా ఆవు ఛాతీ భాగపు మాంసం. దానిని పోస్ట్ ఓక్ కట్టెల పొగ మీద రాత్రంతా మగ్గబెట్టాలి కనుక, మిడ్‌నైట్ యెల్ నుంచి వచ్చిన మనిషికి నిద్ర ఉండదు. పొగ గొట్టానికీ థర్మామీటరుకూ మధ్య తిరుగుతూ, దారిన పోయే ప్రతివారినీ ‘హౌడీ’ అని పలకరించి, తన పేరు చెప్పి, పేరుకు పట్టా పొందిన సంవత్సరపు చివరి రెండంకెలనూ తోకగా తగిలిస్తాడు. వేలి ఉంగరం మీద కూడా ఆ సంవత్సరమే ఉంటుంది. విద్యార్థిగా ఉన్నన్నాళ్ళూ ఆ అంకెలు తనవైపునకూ, పట్టా చేతికి వచ్చాక లోకంవైపునకూ తిరిగి ఉండాలన్నది నియమం. ఇతడి ఉంగరం లోకంవైపు తిరిగి చాలా కాలమయింది. ఆ లోకం దానిని చదివిందో లేదో తెలుసుకోవడానికే ఇతడు అందరితో చేతులు కలుపుతాడు.

కైల్ ఫీల్డ్ అన్నది స్టేడియం పేరు. 1904లో ఎడ్విన్ జాక్సన్ కైల్ అనే ఉద్యానశాస్త్ర ఆచార్యుడు తన శాఖకు చెందిన పొలంలో కొంత భాగానికి కంచె వేయించి ఆటలకు కేటాయించగా ఏర్పడిన ఆ స్థలంలో ఇప్పుడు 1,02,733 ఆసనాలున్నాయి; పట్టణ జనాభాయే సుమారు 1,20,000. మంచి ఆసనం టికెట్టు డబ్బుతో మాత్రమే దొరికేది కాదు; పన్నెండవ మనిషి పేరుతోనే ఉన్న ఫౌండేషన్‌కు ఏటేటా ఇచ్చిన విరాళాలను బట్టి ప్రాధాన్యం నిర్ణయమవుతుంది. ఈ విధంగా కొన్ని దశాబ్దాల విరాళాలతో, వీపు ఆనించుకునే వసతి గల ఆసనాన్ని సంపాదించిన ఇతడు, గిల్ స్మృతికి భంగం కలగకూడదని దానిలో కూర్చోడు. కాలక్రమాన ఆ ఆసనం మీద అతడి టోపీ, అతడి భార్య చేతిసంచి, పొరుగువారి పల్లీల పొట్లం స్థిరనివాసం ఏర్పరచుకుంటాయి.

ఇక ఆట. నూరు గజాల మైదానంలో బంతి చేతికి వచ్చిన జట్టు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు ప్రయత్నాలు చేయవచ్చు. ఒక్కొక్క ప్రయత్నాన్ని డౌన్ అంటారు. బంతితో ప్రత్యర్థి గీత దాటితే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. గడియారంపై అరవై నిమిషాలే ఉన్న ఈ ఆట, ఆగిన గడియారాల వల్లా టెలివిజన్ ప్రకటనల వల్లా మూడున్నర గంటలు పడుతుంది. అందులో బంతి కదిలే కాలం అతి స్వల్పం. తక్కిన కాలమంతా ఎవరిది అన్న ప్రశ్నకు ఇతడి దగ్గర సమాధానం ఉంది: తనది. ఈ వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి వీలు లేదు. ప్రత్యర్థి చేతికి బంతి వచ్చినప్పుడు లక్ష గొంతులు ఒక్కటైతే, ఆ జట్టు నాయకుడి సంకేతాలు పక్కనున్న సహచరుడికే వినపడవు. ఆ అయోమయంలో ఎవరైనా బంతి కదలకముందే కదిలితే ‘ఫాల్స్ స్టార్ట్’ అన్న తప్పు కింద ఐదు గజాలు వెనక్కు నెడతారు. ఆ ఐదు గజాలే ఇతడి జీతం. అవి లభించిన ప్రతిసారీ ఇతడు చుట్టూ కలయజూసి, వినయంగా గొంతు సవరించుకుంటాడు. సొంత జట్టు చేతికి బంతి వచ్చినప్పుడు నిశ్శబ్దం పాటించడం కూడా విధిలో భాగమే. అప్పుడెవరైనా అరిస్తే ఇతడు చూసే చూపును, గ్రంథాలయాధికారులు శిక్షణ కోసం చూడదగును.

జట్టు ఆవేశానికి ప్రతీకగా రెవెలీ అనే కోలీ జాతి శునకం మైదానం పక్కన ఉంటుంది. కళాశాలలోని సైనిక విద్యార్థి దళంలో అత్యున్నత హోదా దానిదే. తరగతిలో అది మొరిగితే పాఠం అక్కడితో ముగుస్తుందని ఆనవాయితీ. ఆ పేరుతోనే పనిచేసి మరణించిన రెవెలీలను స్టేడియం ఉత్తర ద్వారం వద్ద ఖననం చేయగా, విస్తరణ పనుల వల్ల సమాధులకు స్కోరుబోర్డు కనిపించకుండా పోయిందని గుర్తించి, వాటి కోసమే చిన్న స్కోరుబోర్డు ఒకటి అమర్చారు. ఇతడు లోపలికి వెళ్ళే ముందు ఆ సమాధుల దగ్గర టోపీ తీస్తాడు. కొన్ని సీజన్ల స్కోర్లను బట్టి చూస్తే, ఆ బోర్డు అమర్చడం దయతో కూడిన పనేనా అన్నది విచార్యం.

ఎందుకంటే ఈ జట్టు అందరూ అంగీకరించే జాతీయ విజేత హోదాను చివరిసారి పొందింది 1939లో. ఆ తరువాత పుట్టినవాడైన మన పన్నెండవ ఆటగాడు ఓటమిని ఎన్నడూ ఎరుగడు. ఎ అండ్ ఎం ఎన్నడూ ఓడదనీ, అప్పుడప్పుడు సమయం మాత్రం చాలదనీ ఆ ఊరి సిద్ధాంతం. 1894లో మొదలై, 2011 తరువాత ఆగిపోయిన టెక్సస్ విశ్వవిద్యాలయంతో పోరు 2024 నవంబరు 30న ఇదే మైదానంలో పునఃప్రారంభమైనప్పుడు కూడా 17-7 స్కోరు వద్ద సమయం చాలలేదు. సమయం తరచుగా చాలకపోవడంతో 2023లో ప్రధాన శిక్షకుడిని తొలగించినప్పుడు, ఒప్పందం ప్రకారం అతడికి చెల్లించవలసినది ఏడున్నర కోట్ల డాలర్ల పైచిలుకు. ఆడనివాడికి విగ్రహం పెట్టిన ఊరు ఆడించనివాడికి ఆ మొత్తం చెల్లించడంలో ఒక అన్వయం ఉందనాలి. ఇతడు మాత్రం విరాళపు చెక్కు మీద మరుసటి ఏడు కూడా సంతకం చేశాడు.

ఇంజినీరింగ్ విద్య కోసం ఆ ఊరికి వచ్చే తెలుగు విద్యార్థులు కొద్దికాలంలోనే ‘హౌడీ’ అనడం నేర్చి, ఇంటికి ఫోను చేసినప్పుడు “మనం గెలిచాం నాన్నా” అంటారు. “మనం అంటే ఎవర్రా?” అన్న ప్రశ్నకు జవాబుగా, పట్టా పుచ్చుకునే ముందు తల్లిదండ్రులను ఒక ఆటకు తీసుకుపోవడం పరిపాటి. అట్టి సందర్భంలో రోడ్లు భవనాల శాఖలో పదవీ విరమణ చేసిన తండ్రి, మంచి ఆసనాల వరుసలో, ఈ పన్నెండవ ఆటగాడి పక్కన తటస్థపడడం తలచదగిన విషయం. సంచులు పారదర్శకంగా ఉండాలనీ, బయటి తిండి కూడదనీ నిబంధన ఉన్నందున తల్లి తెచ్చిన పులిహోర టెయిల్‌గేట్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి చిక్కుడుగింజల కూరలోనూ పంది మాంసం ముక్కలుంటాయని తెలిసి ఆమె ఉడికిన మొక్కజొన్న కంకితో సరిపెట్టుకోగా, పులిహోర గిన్నెను మన పూర్వ విద్యార్థే, కళ్ళ వెంట నీరు కారుతున్నా ఘాటు లేదంటూ, ఖాళీ చేస్తాడు. మొదటి అర్ధభాగమంతా తండ్రి బంతి ఆకారాన్ని శంకిస్తూ, ప్రతి రెండు నిమిషాలకూ ఆట అయిపోయిందనుకుని లేస్తూ, లేచి చూస్తే అందరూ నిలబడే ఉండడంతో మళ్ళీ ఆగిపోతూ గడుపుతాడు. సొంత జట్టు పాయింట్లు సాధించినప్పుడల్లా జంటలు ముద్దు పెట్టుకోవాలన్నది ఇక్కడి మరో ఆచారమని కొడుకు హెచ్చరించడం మరచిపోయిన కారణంగా, మొదటి టచ్‌డౌన్ వేళ తల్లిదండ్రులిద్దరూ స్కోరుబోర్డులోని ప్రతి అంకెనూ అమిత శ్రద్ధతో పరిశీలించవలసి వస్తుంది. యుద్ధగీతం పాడుతూ లక్షమందీ భుజాల మీద చేతులు వేసుకుని వరుస విడిచి వరుస ఎదురెదురు దిశల్లో ఊగినప్పుడు పై అంతస్తు కూడా ఊగుతుందన్న సంగతిని పాదాల ద్వారా గ్రహించిన తండ్రి, ఇటువంటి కదలికను డిజైనులో లెక్కగట్టారా అని కొడుకును అడుగుతాడు. ఎడమ భుజం మీద పూర్వ విద్యార్థి చేయి బలంగా ఉన్నందున జవాబు వచ్చేలోగా తానూ ఊగుతుంటాడు.

నాలుగవ భాగం చివరలో, మరో మూడు గజాలు సాధిస్తే చాలన్న తరుణంలో, మూడవ డౌన్‌లో విసిరిన బంతి నేలపాలై, ఆ సాయంత్రానికి మళ్ళీ సమయం చాలకపోతుంది. ఓడిన రోజున కూడా అరుపుల సాధన ఒకటి అక్కడే నిర్వహిస్తారు కనుక విద్యార్థులెవరూ కదలరు. పన్నెండవ ఆటగాడు టోపీని ఆసనం మీదికి విసిరికొట్టి, ఇరువైపులా సానుభూతి కోసం వెతకగా, నాలుగు గంటల క్రితం ఈ బంతిని కోలగా ఎందుకు చేశారని అడిగిన విశ్రాంత ఇంజినీరు కళ్ళజోడు సవరించుకుని, మూడు గజాలకు బంతిని విసరడమేమిటనీ, పరుగెత్తించి ఉండాల్సిందనీ, ఈ శిక్షకుడితో లాభం లేదనీ తీర్పు చెబుతాడు. పూర్వ విద్యార్థి అతడి వైపు దీర్ఘంగా చూసి, చేయి కలిపి, పట్టా ఏ సంవత్సరంలో పుచ్చుకున్నారని అడుగుతాడు. కాకినాడలో, డెబ్భై తొమ్మిదిలో, అని తండ్రి సమాధానమిస్తాడు.