ఆర్‌సీలో ఒకరు, కారులో ఊరంతా

మోటారు వాహనాల చట్టం 1988లోని 2వ సెక్షన్, 30వ నిర్వచనం ప్రకారం, వాహనం ఎవరి పేరున రిజిస్టరై ఉన్నదో వారే దానికి యజమాని. ఆ పేరుగలవారు మైనరైతే వారి సంరక్షకుడు యజమాని. వాహనం అప్పు తాకట్టులో ఉంటే, ఆ ఒప్పందం కింద దానిని స్వాధీనంలో ఉంచుకున్నవారు యజమాని. చదవడానికి ఎంతో నున్నగా ఉన్న ఈ నిర్వచనం ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల పొలిమేర దాటి లోపలికి రాగానే గతుకుల్లో పడుతుంది. ఈ రెండు జిల్లాలను 2016 అక్టోబరులో ముక్కలు చేసినా, పత్రికల్లోనూ జనం నోటనూ అవి ‘ఉమ్మడి’గానే మిగిలి ఉన్నాయి, ఆ విశేషణానికి నేటికీ నిలిచి ఉన్న సాక్ష్యాల్లో కారు ముఖ్యమైనది. కుటుంబ ఆస్తి తగాదాల్లో రెండు మాటలు తరచుగా వినవస్తాయి: వాటాదారులందరికీ హక్కు ఉండేది ఉమ్మడి ఆస్తి, సొంత సంపాదనతో కొని మరొకరికి వాటా లేకుండా అనుభవించేది స్వార్జితం. షోరూములో స్వార్జితంగా పుట్టిన కారు ఊరి బొడ్రాయి చేరేసరికి ఉమ్మడి ఆస్తిగా ఎలా మారుతుందన్నది ఈ ప్రాంతపు ఆర్థిక శాస్త్రంలో ఇంతవరకు ఎవరూ పట్టించుకోని అధ్యాయం.

ఎడమవైపు నడపడం మొదలుకొని, నేర్చుకునేవారి బండికి ‘ఎల్’ అక్షరం తగిలించడం దాకా మన రోడ్డు మర్యాదలు చాలావరకు బ్రిటన్ నుంచి వచ్చినవే గాని, అక్కడి కారు యజమానుల దిగుళ్లు మాత్రం వాటితోపాటు దిగుమతి కాలేదు. అక్కడ ‘ఎంఓటీ’ అనే పరీక్ష ఒకటి ఉన్నది. 1960లో పదేళ్లు పైబడిన కార్ల కోసం మొదలైన ఈ పరీక్షను, ఇప్పుడు కారుకు మూడేళ్లు నిండిన నాటి నుంచి ఏటేటా జరిపి, బ్రేకులు, టైర్లు, లైట్లు సక్రమంగా ఉన్నట్టు తేలితేనే రోడ్డు ఎక్కనిస్తారు. మన దగ్గర సొంత కారుకు మొదటి 15 ఏళ్ల పాటు ప్రభుత్వం క్రమం తప్పకుండా పరీక్షించేది దాని పొగను మాత్రమే. బ్రేకుల సంగతి అరువుకు తీసుకుపోయిన బావమరిది తిరిగివచ్చి, తాళంచెవి చేతికిస్తూ, ‘బ్రేకులు జర చూపిచ్చుకో బావా’ అన్నప్పుడే బయటపడుతుంది. ఈ విధంగా బ్రిటన్ ప్రభుత్వం రుసుము వసూలు చేసి జరిపించే తనిఖీని పాలమూరు బంధువర్గం ఉచితంగా, అదీ నిండు లోడుతో జరిపిపెడుతున్నది.

వాటాదారుల వరుసలో మొదటిది బ్యాంకు. ఆర్‌సీ మీద ‘హైపోథికేషన్’ అన్న పదం కనిపిస్తుంది. వస్తువు అప్పు తీసుకున్నవాని చేతిలోనే ఉండగా, దాని మీది హక్కును అప్పు ఇచ్చిన సంస్థ పేరున రాసిపెట్టడమే దీని అర్థం. పైన చెప్పిన నిర్వచనం పుణ్యాన బ్యాంకుకు నెలనెలా వాయిదా అందుతుంది, ప్రమాదం జరిగితే బాధ్యత మాత్రం అందదు. రెండవ వాటా దైవానిది. యాదగిరిగుట్టలోనో, నార్కట్‌పల్లి దగ్గరి చెర్వుగట్టులోనో, శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్ దాటాక ఉన్న మైసిగండి మైసమ్మ సన్నిధిలోనో కొత్త కారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలగనిదే రిజిస్ట్రేషన్ పూర్తయినట్టు ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. కొబ్బరికాయతో తృప్తిపడి, ఆపైన వాయిదాలు అడగని భాగస్వామి దైవం ఒక్కటే కావడం వల్ల, భారమంతా అటే వేసి, థర్డ్ పార్టీ బీమాను, అంటే తన కారు వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని భరించేందుకు చట్టం తప్పనిసరి చేసిన బీమాను, మరచిపోవడం యజమానులకు సులువవుతున్నది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి కట్టించుకోవాలన్న నియమం వచ్చిన తరువాత, ఆ మరుపు నాలుగో ఏటికి వాయిదా పడింది.

మూడవ వాటాదారులు బంధుమిత్రులు. సంఖ్యలోనూ ఉత్సాహంలోనూ వీరిని మించినవారు లేరు. ‘అన్నా, నీ బండి ఇంటికాడ ఉత్తగనే ఉన్నది గదా, జర దేవరకొండ దాంక పోయొస్తం’ అన్న వాక్యంలో ఒక సిద్ధాంతం దాగి ఉన్నది: నిలిపి ఉంచిన కారు వృథా అవుతున్న ప్రజాధనం, దానిని వృథా కాకుండా కాపాడటం అడిగినవాని పుణ్యం. తెల్ల నంబరు పలక ఉన్న కారు సొంత వాడకానికే గాని కిరాయికి కాదని నిబంధన ఉన్నందున యజమాని కిరాయి పుచ్చుకుంటే చట్టం తప్పినవాడవుతాడు, పుచ్చుకోకపోతే పెట్రోలు డబ్బు పోగొట్టుకున్నవాడవుతాడు. ‘పెట్రోల్ మేమే పోయిస్తం’ అన్న హామీని నెరవేర్చినవారు లేకపోలేదు గాని, వారు పోయించిన పెట్రోలు వారి ప్రయాణానికే చాలినంతగా, ఎంతో లెక్క ప్రకారం ఉంటుంది. ఐదుగురికి రూపొందిన కారులో పెద్దలు ఏడుగురు, లెక్కకు రాని పిల్లలు మరికొందరు కూర్చున్నప్పుడు, వెనుక సీటులోనూ బెల్టు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి చెప్పే మాటకు అక్కడ చోటు మిగలదు; ముందు సీటు వారు సైతం బెల్టుకు బదులు దాని మోతను ఆపే చిన్న క్లిప్పును కొని గుచ్చుతున్నారు. ఇదే కారు, అర్ధరాత్రి పాము కాటేసినప్పుడూ పురిటి నొప్పులు మొదలైనప్పుడూ, 108 వచ్చేలోపు ఊరిని దవాఖానకు చేర్చే బండి కూడా అయినందువల్ల, తాళంచెవి ఇవ్వనని చెప్పే ధైర్యం యజమానికి ఉండదు, ఉండకూడదు కూడా; చిక్కల్లా పాముకాటుకు, పెండ్లిచూపులకు, నాటుకోడి దావత్‌కు ఒకే అత్యవసర స్థాయిని వర్తింపజేయడంలోనే ఉన్నది.

నాలుగవ వాటా వడ్లది. వానకాలం, యాసంగి కోతల కాలంలో, అంటే సంవత్సరంలో రెండు విడతలు, ఈ జిల్లాల్లో రెండు వరుసల రోడ్డు ఒక వరుస రోడ్డుగా, ఒక వరుస కల్లంగా విడిపోతుంది. దీనికి రైతును నిందించడం సులభమే గాని, కారణం మరోచోట ఉన్నది: కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం మించితే కాంటా పెట్టరు, కోత కూలీలు దొరకక హార్వెస్టరుతో కోయించిన వడ్లు అదే రోజు పచ్చిగా చేతికి వస్తాయి, వాటిని ఆరబోసేందుకు కల్లాలు చాలవు, ఎర్రటి ఎండలో ఊరందరికంటె ముందు వేడెక్కి, చదునుగా, ఉచితంగా దొరికేది తారురోడ్డు ఒక్కటే. ఆ విధంగా రోడ్ల శాఖ తనకు తెలియకుండానే వ్యవసాయ శాఖ పని చేసిపెడుతున్నది. వడ్ల చుట్టూ వరుసగా పేర్చిన రాళ్లు, రాత్రి నల్లని టార్పాలిన్ ఎగిరిపోకుండా దాని అంచుల మీద పెట్టిన బండలు వాహనచోదకుల కంట పడే సమయానికి చాలాసార్లు బ్రేకు వేసే సమయం మించిపోతుంది. ఎదురుగా బండి వచ్చినప్పుడు ఎవరు ఆగాలన్న ప్రశ్నకు బ్రిటన్ పుస్తకాల్లో వివిధ సమాధానాలు ఉండవచ్చును గాని, ఇక్కడ ఒక్కటే సమాధానం: వడ్ల వైపున్నవాడు ఆగాలి, ఎందుకంటే గింజల మీద చక్రం ఎక్కితే ఎదుటి బండివాడు ఒక్కడే కాదు, పక్క చేనంతా ప్రశ్నిస్తుంది. మరికొన్నిచోట్ల ఉలవ కట్టెను రోడ్డుకు అడ్డంగా పరిచి, వచ్చిపోయే చక్రాలతో నూర్చుకోవడం కద్దు. అక్కడ కారు యజమాని కూలి అడగని నూర్పిడి పనివాడు, కారు కిందికి చుట్టుకున్న ఎండుకట్టె వేడెక్కిన సైలెన్సర్‌కు తగిలి రాజుకుంటే నష్టపరిహారం కూడా అడగని పనివాడు.

ఇక నడిపే పద్ధతికి సంబంధించిన సందేహాల విషయానికి వస్తే, ముందుగా లైసెన్సు పరీక్షను గురించి చెప్పుకోవాలి. లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజుల తరువాత అభ్యర్థి ఆర్టీఏ ట్రాక్ మీద ‘హెచ్’ ఆకారంలో కారును ముందుకూ వెనక్కూ నడిపి చూపాలి. నిత్యజీవితంలో ఈ విద్య దేనికి పనికివస్తుందని చాలామంది అడుగుతారు. జాతీయ రహదారి మీద తిరగవలసిన మలుపు దాటిపోయినప్పుడు, తరువాతి మలుపు దాకా వెళ్లే ఓపిక లేక, వేగంగా వచ్చే లారీలకు ఎదురు వెనక్కి నడుపుకొంటూ వచ్చే కార్లను చూసినవారికి ఆ సందేహం తీరిపోతుంది. లైట్ల భాష మరింత లోతైనది. హెడ్‌లైటు మిణుకుమనిపిస్తే ‘ముందు మీరు వెళ్లండి’ అని బ్రిటన్ చోదకులు వాడుకలో అర్థం చేసుకుంటారు. అదే సంకేతానికి మన దగ్గర ‘నేను వస్తున్నాను, నువ్వు ఆగు’ అని అర్థం. అయితే 1931లో మొదట వెలువడి, నేటికీ అక్కడి రోడ్డు మర్యాదలకు ప్రమాణంగా ఉన్న ‘హైవే కోడ్’ 110వ నియమం మాత్రం, లైటు మిణుకుమనిపించడం తాము ఉన్నామని ఎదుటివారికి తెలియజేయడానికే వాడాలని చెబుతున్నది. అంటే బ్రిటన్ వారి నియమాన్ని బ్రిటన్ వారికన్నా జడ్చర్ల డ్రైవర్లే నిష్ఠగా పాటిస్తున్నారన్నమాట, ఎదుటివారిని బెదిరించడానికి వాడవద్దన్న దాని తరువాతి వాక్యం దాకా చదవకపోవడం ఒక్కటే లోపం. లారీ వెనుక వెలిగే కుడి ఇండికేటరుకు ‘దాటిపో’ అన్న అర్థమూ, ‘నేను కుడికి తిరుగుతున్నా’ అన్న అర్థమూ రెండూ చెల్లుబాటు కావడం వల్ల, వ్యాఖ్యాన భేదం దవాఖానలో పరిష్కారమవుతున్నది. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగితే బండి చెడిపోయి ఆగిందని ప్రపంచమంతా అనుకుంటుంది. మన చౌరస్తాలో మాత్రం అది ‘నేరుగా పోతున్నా’ అన్న ప్రకటన.

రోడ్డుకు కూడా వాటా ఉన్నది. దానిని టోల్ అంటారు. విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, కర్నూలు వెళ్లే 44వ నంబరు రహదారి మీద రాయికల్, శాఖాపూర్ ప్లాజాలు ఈ వాటాను వసూలు చేస్తాయి. 2021 ఫిబ్రవరిలో తప్పనిసరైన ఫాస్టాగ్, అంటే ముందు అద్దానికి అతికించి, దాటిన ప్రతిసారీ ఖాతా నుంచి డబ్బు తీసే చీటీ, వరుసలను మాయం చేస్తుందని చెప్పారు. ఎవరూ 10 సెకన్ల కన్నా ఎక్కువసేపు ఆగకుండా చూడాలనీ, వరుస 100 మీటర్ల పసుపు గీత దాటితే ముందున్నవారిని ఉచితంగా వదలాలనీ అదే ఏడాది మే నెలలో జాతీయ రహదారుల సంస్థ మార్గదర్శకాలు జారీచేసింది గాని, సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి దగ్గర ఆ గీత ఎక్కడుందో వెతకబోయినవారికి అది తమ ముందున్న కార్ల కిందనే ఉండి కనిపించేది కాదు. ఈ భాగస్వాములందరిలో పనివేళలు ఖచ్చితంగా పాటించేది పులి ఒక్కటే: అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రోడ్డును మన్ననూరు దగ్గర రాత్రి 9 గంటలకు మూసి, ఉదయం 6 గంటలకు తెరిచే ఏర్పాటు ఉన్నందున, ఆ తొమ్మిది గంటలు తన వాటా తాను తీసుకొని, మిగిలిన పదిహేను గంటలు రోడ్డును మనిషికి వదిలేసే సంస్కారం దానికి ఉన్నది.

ఇంతమంది అనుభవించిన కారుకు చలాన్ వచ్చినప్పుడు మాత్రం అది తిరుగులేకుండా స్వార్జితమవుతుంది. వేగం మించినది బామ్మర్ది, ఫోటోలో పడినది నంబరు పలక, సందేశం వచ్చినది ఆర్‌సీలో ఉన్న ఫోనుకు. వెంటనే చెల్లించే యజమాని అమాయకుడన్న అభిప్రాయం బలపడటానికి తగిన చరిత్ర కూడా ఉన్నది: పేరుకుపోయిన చలాన్ల మీద రాష్ట్రంలో 2022 మార్చిలో కార్లకు 50 శాతం రాయితీ ఇచ్చారు, 2023 డిసెంబరు 26 నుంచి 60 శాతం ఇచ్చారు, కట్టకుండా ఆగినకొద్దీ పెరిగే ఈ రాబడి బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను తలదన్నేదిగా ఉన్నది. మీసం మొలవని కొడుకు కారు నడిపి పట్టుబడితే లెక్క వేరు. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, కారుకు ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు, వీటిలో దేనిపైనా రాయితీ మేళా పెట్టినట్టు వినలేదు.

ఈ బాధలు పడలేక కారును అమ్మివేద్దామనుకునేవారు 50వ సెక్షన్‌ను చదవాలి. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి పేరు మార్పించుకోవాలని అది చెబుతుంది. వాడుకలో మాత్రం ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, తేదీల గళ్లు ఖాళీగా ఉంచి, ‘పైసలు ముట్టినయ్, ఇగ నీ బండి నీ ఇష్టం’ అని చెప్పి చేతులు దులుపుకోవడంతో అమ్మకం ముగిసినట్టు భావిస్తారు. అలా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన కారు ప్రమాదం చేసిన కేసులో, రికార్డులో ఎవరి పేరు మిగిలి ఉన్నదో వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కనుక ఈ రెండు జిల్లాల పాత ఏపీ 22, ఏపీ 24 పలకలతో ఇప్పటికీ తిరుగుతున్న పాత కార్లలో చాలావాటికి ఇద్దరేసి యజమానులు ఉన్నారనుకోవాలి: కారు ఉండి పేరు లేనివాడు ఒకడు, పేరు ఉండి కారు లేనివాడు మరొకడు. లాభంలో ఉమ్మడి, నష్టంలో స్వార్జితం అన్న సూత్రం రెండోవానికి పూర్తిగా వర్తిస్తుంది. వాని ముందున్న దారి ఒక్కటే, కొన్నవాణ్ని వెంటబెట్టుకొని ఆర్టీఏ కార్యాలయానికి పోయి పేరు మార్పించడం; అయితే అక్కడికి పోవడానికి ఇప్పుడు వానికి కారు లేదు గనుక, పాత బండి కొన్నవానికే ఫోన్ చేసి, ‘తమ్మీ, బండి ఖాళీగున్నదా, జర నల్లగొండ దాంక పోయొద్దమా’ అని అడగవలసి ఉంటుంది, పెట్రోలు తానే పోయిస్తానన్న హామీతో సహా.